అంబాసిడర్ అలిగింది... కీ దగ్గరే!

బ్యాటరీ కొత్తది. ట్యాంకు నిండా పెట్రోలు. ప్లగ్గులు తుడిచి పెట్టినవే. అయినా తాతల నాటి కారు ఒకరోజు కీ తిప్పగానే పలుకుతుంది, ఇంకోరోజు మూగనోము పడుతుంది. ఆ నోము గుట్టు చాలాసార్లు తాళం చెవి వెనకున్న చిన్న డబ్బాలోనే ఉంటుంది. అరచేతిలో పట్టే ఆ డబ్బా పేరు ఇగ్నిషన్ స్విచ్!

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా వచ్చే రోడ్డు ఆత్మకూరు దాటి బైర్లూటి చేరాక, దాని స్వభావమే మారిపోతుంది. పొలాలు అయిపోతాయి, నల్లమల మొదలవుతుంది. అక్కణ్నుంచి దోర్నాల దాకా అడవే. శ్రీశైలం మల్లన్న దగ్గరికి వెళ్లేవాళ్లకి ఇదో దారి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిపూట రాకపోకలకు అటవీశాఖ ఆంక్షలుంటాయి. చెక్‌పోస్టు వేళ దాటకుండా అడవి దాటెయ్యాలన్నది ఈ దారిలో బండి నడిపేవాళ్లందరికీ తెలిసిన లెక్క.

ఇప్పుడు ఒక్కసారి ఊహించుకోండి. సాయంత్రం నాలుగున్నర. 1980ల నాటి పెట్రోలు అంబాసిడర్. ముందు బెంచీ సీటులో తాతయ్య, ఆయన పక్కన మనవడు. వెనక నలుగురు, కాళ్ల దగ్గర పులిహోర డబ్బా. ఓ మలుపులో చక్రం చిన్న గుంతలో పడింది. అంతే... ఇంజిను ఆగిపోయింది. దగ్గలేదు, గుక్కపట్టలేదు, ఎవరో దీపం ఆర్పేసినట్టు టక్కున ఆగింది. కారు పక్కకు తీసి ఆపారు. హెడ్‌లైట్లు వేస్తే ధగధగా వెలుగుతున్నాయి. హారన్ మోగుతోంది. కీ తిప్పితే మాత్రం చప్పుడు లేదు. నాలుగోసారి తిప్పేసరికి ఏమీ జరగనట్టు స్టార్టయ్యింది. ఇంటికొచ్చాక మెకానిక్‌కి చూపిస్తే అతని ముందు బుద్ధిగా, పదిసార్లకు పదిసార్లూ స్టార్టవుతుంది!

పాత కార్లున్న ఇళ్లలో ఇది కొత్త కథేం కాదు. ఆత్మకూరైనా, నంద్యాలైనా, కడపైనా... షెడ్డు దగ్గర వినపడే సంభాషణ ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

‘‘ఏమైంది సారూ, మళ్లొచ్చినారు?’’

‘‘ఏం చెప్పమంటావప్పా... ఒగసారి పడతాది, ఒగసారి పడదు.’’

‘‘బ్యాటరీ ఏమన్నా దిగిందేమో.’’

‘‘పోయిన నెలే కదా నువ్వు మార్పించింది!’’

‘‘అట్లయితే సెల్ఫ్ మోటారు విప్పి చూడల్ల సారూ.’’

సెల్ఫ్ మోటారు విప్పుతారు. బుష్షులు మారుస్తారు. తర్వాత కాయిల్ మారుతుంది, కండెన్సర్ మారుతుంది, పాయింట్లు మారతాయి. ఒక్కో భాగానికీ ఓ బిల్లు. రోగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మూడు నెలలకో ఆరు నెలలకో విసిగిపోయి యజమాని కారును షెడ్డులో మూలకు తోసేస్తాడు. లేదంటే పాత ఇనుము వాళ్లను పిలుస్తాడు. వందల రూపాయల్లో తేలాల్సిన జబ్బుకు ఓ కారే బలైపోతుందన్నమాట.


ఆరిపోయినప్పుడు ఎర్రదీపం చూశారా?

పై కథలో ఒక చిన్న ఆధారం ఉంది. దాన్ని పట్టుకుంటే సగం పని అయినట్టే.

పాత కార్ల డ్యాష్‌బోర్డు మీద ఓ ఎర్రదీపం ఉంటుంది. డైనమో లేదా ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇస్తుంటే ఆరిపోతుంది, ఇవ్వకపోతే వెలుగుతుంది. పెట్రోలు అందకో, కార్బురేటర్‌లో చెత్త అడ్డుపడో ఇంజిను ఆగిపోతే ఛార్జింగ్ కూడా ఆగుతుంది కాబట్టి ఆ దీపం వెంటనే వెలగాలి. ఇంజిను ఆగినా అది వెలగలేదంటే..? ఆ దీపానికి కూడా కరెంటు అందడం లేదన్నమాట. దీపానికీ, ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌కీ కరెంటు వచ్చే దారి ఒక్కటే. అది ఇగ్నిషన్ స్విచ్! మరి హెడ్‌లైట్లు ఎలా వెలిగాయంటారా? ఆ తరం కార్లలో చాలావాటికి లైట్ల కరెంటు ఇగ్నిషన్ స్విచ్‌లోకి వెళ్లకముందే చీలి పక్కదారిన వెళ్లిపోతుంది. అందుకే లైట్లు వెలుగుతూ, ఎర్రదీపం మూగబోతే వేలు చూపించాల్సింది కీ వైపే.

కాబట్టి బండి ఆగిన క్షణంలో బానెట్ ఎత్తడానికి ముందు డ్యాష్‌బోర్డు చూడాలి. ఆ ఒక్క చూపు మెకానిక్‌కి చెప్పగలిగితే పదిసార్లు విప్పి బిగించే బాధ తప్పుతుంది. మెకానిక్ దగ్గరికెళ్లాక బుద్ధిగా నడిచే బండికి సాక్షి డ్రైవరే మరి.


కీ చరిత్ర కొంచెం

మొదట్లో కారుకు కీ అన్నదే పెద్ద విషయం కాదు. ముందుకెళ్లి ఇనుపరాడ్డు దూర్చి గిరగిరా తిప్పితే ఇంజిను లేచేది. చెయ్యి జారితే రాడ్డు ఎదురు తిరిగి మణికట్టు విరిచేది. 1912 మోడల్ క్యాడిలాక్ కార్లకు అమెరికన్ ఇంజినీరు ఛార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్‌స్టార్టర్ అమర్చాక ఆ బాధ తప్పడం మొదలైంది. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నిప్పురవ్వ పుట్టించే పాత పద్ధతిని ఇప్పటికీ ఆయన పేరుతోనే కెటరింగ్ ఇగ్నిషన్ అంటారు. అయితే అప్పట్లో కీ పని కీదే, స్టార్టర్ పని స్టార్టర్‌దే. కీ తిప్పి, తర్వాత విడిగా ఓ బటన్ నొక్కడమో, నాబ్ లాగడమో, కాలితో తొక్కడమో చేసేవారు. రెండు పనులూ ఒక్క కీతోనే జరిగే ఏర్పాటును క్రైస్లర్ కంపెనీ 1949లో తెచ్చింది. సౌకర్యం పెరిగింది. దాంతోపాటు బరువంతా ఆ ఒక్క స్విచ్ మీద పడింది.

మన అంబాసిడర్ ఇంగ్లండ్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు అచ్చు. హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసింది. 1950ల చివర్లో మొదలై 2014 మే వరకూ నడిచింది ఆ ఉత్పత్తి. (ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న 1953-56 మధ్య మంత్రులెవరూ అంబాసిడర్ ఎక్కే అవకాశమే లేదు. ఆ కారు ఇంకా పుట్టలేదు!) దానికి పోటీగా ఉండే ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100కు మన రూపం. ముంబయి రోడ్ల మీద చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో విరమించుకుంది. అంటే ఈ కార్లకిప్పుడు కంపెనీ షోరూముల్లేవు, కొత్త భాగాలిచ్చే కౌంటర్లూ లేవు. దొరికేది పాత సామాన్ల దుకాణాల్లో మిగిలినదో, పోలికగా చేసినదో. అందుకే వీటి రోగనిదానం కారు యజమానికి కూడా కాస్త తెలిసి ఉండాలి.


బోరు మోటారు స్టార్టరు తెలుసుగా!

ఇగ్నిషన్ స్విచ్ లోపల ఏముంటుందో రాయలసీమ రైతుకు ఒక్క మాటలో చెప్పొచ్చు. బోరు మోటారు స్టార్టరు డబ్బాలో ఉండే కాంటాక్టుల్లాంటివే, చిన్న సైజులో. ఓ రాగి పలక, దాని కింద స్ప్రింగు, చుట్టూ మూడు నాలుగు టెర్మినళ్లు. కీ తిప్పినప్పుడు పలక జరిగి వాటిని కలుపుతుంది. ఒక టెర్మినల్‌కి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తుంటుంది. రెండోది ఇగ్నిషన్. మూడోది స్టార్ట్. కొన్నింటికి రేడియో లాంటివాటి కోసం నాలుగోది. స్విచ్ వెనక బి, ఐజీఎన్, ఎస్‌టీ అని అక్షరాలుంటాయి. జర్మన్ పద్ధతిలో చేసిన స్విచ్చులైతే 30, 15, 50 అంకెలుంటాయి. వరసగా అవే మూడూ.

కీ ‘ఆన్’లో ఉన్నంతసేపూ కాయిల్‌కి మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు ఈ పలక మీదుగానే వెళ్తుంది. వైపరు, హీటరు ఫ్యాను, ఇండికేటర్లు, మీటర్లు కూడా చాలా కార్లలో ఇక్కణ్నుంచే తాగుతాయి. ఆపైన మనవాళ్లు తగిలించే ఫ్యాన్లూ, టేపురికార్డర్లూ, ఫోను ఛార్జర్లూ! ఏళ్లు గడిచేకొద్దీ స్ప్రింగు బిగువు తగ్గుతుంది. పలక మీద నల్లటి మసి పేరుకుంటుంది. మసి పేరుకుంటే నిరోధం పెరుగుతుంది. నిరోధం ఉన్నచోట కరెంటు వేడిగా మారుతుంది. వేడికి స్ప్రింగు ఇంకా మెత్తబడుతుంది, పలకను పట్టుకున్న ఫైబరు ముక్క వంగుతుంది. ఇదో విషవలయం. లో ఓల్టేజీకి బోరు స్టార్టరు కాంటాక్టులు కొట్టుకుని మాడిపోవడం చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఎండలు మండే సీమలో, కారును వేపచెట్టు కింద కాకుండా బయట ఆపితే, డ్యాష్‌బోర్డు వెనక గాలే కాలిపోతుంటుంది. మట్టిరోడ్ల దుమ్ము తాళం రంధ్రంలోంచి లోపలికి దిగుతుంది. దుమ్ము పట్టి కీ గట్టిగా తిరుగుతోందని కొందరు అందులో కొబ్బరినూనె పోస్తారు. ఆ పూట హాయిగా తిరుగుతుంది. నెల తిరిగేసరికి నూనె, దుమ్ము కలిసి ముద్దవుతాయి. తాళానికి వెయ్యాల్సింది నూనె కాదు, గ్రాఫైట్ పొడి.

డీజిల్ కార్ల సంగతి వేరు. నాబ్ లాగి ఆపే పాత డీజిల్ ఇంజినుకు నిప్పురవ్వ అక్కర్లేదు. ఒకసారి లేచిందంటే కీ తీసేసినా నడుస్తుంది. కాబట్టి అలాంటి డీజిల్ అంబాసిడర్ దారిలో ఆగిపోతే స్విచ్‌ని తిట్టడం అన్యాయం. డీజిల్‌లో గాలి చేరిందేమో చూసుకోవాలి. స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ తిరగకపోతేనో, హీటరు ప్లగ్గులు వేడెక్కకపోతేనో మాత్రం స్విచ్ వంక చూడాలి.


దొంగ దొరికేదిలా...

మొదట కీ ‘ఆన్’ చేసి ఎర్రదీపం చూడాలి. తర్వాత హెడ్‌లైట్లు వేసి, ఎదురుగా గోడ మీద వెలుగు పడేలా ఆపి, స్టార్ట్‌కు తిప్పాలి. లైట్లు బాగా మసకబారి ‘టక్’మని ఆగిందా? స్విచ్ నిర్దోషి. బ్యాటరీ బలం, టెర్మినళ్ల మీద తెల్లబూజు, ఇంజినుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చూడాలి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, సెల్ఫ్ దగ్గర చిన్న చప్పుడైనా లేకుండా ఉందా? అసలు సోలినాయిడ్‌కి కబురే అందలేదన్నమాట. అప్పుడు అనుమానం స్విచ్‌లోని స్టార్ట్ కాంటాక్టు మీదా, అక్కణ్నుంచి వెళ్లే వైరు మీదా, సోలినాయిడ్ మీదా ఉంచాలి.

ఇంకో తమాషా లక్షణం ఉంది. కీ స్టార్ట్‌లో పట్టుకున్నంతసేపూ ఇంజిను అందుకుంటుంది, చెయ్యి వదిలి కీ వెనక్కి రాగానే ఆగిపోతుంది. ‘పెట్రోలు పైకి రావట్లేదు’ అని కార్బురేటర్ విప్పేస్తుంటారు. నిజానికి స్టార్ట్ స్థానంలో కాయిల్‌కి కరెంటు అందుతోంది, ఆన్ స్థానంలో అందడం లేదు. స్విచ్‌లో ఆన్ కాంటాక్టు పోయిందన్నమాట. కాయిల్ ముందు బలాస్ట్ రెసిస్టర్ ఉన్న కార్లలో అది కాలిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. రెండింటిలో ఏదైనా, కార్బురేటర్‌కి సంబంధం లేదు.

తోసి స్టార్ట్ చెయ్యడం కూడా ఓ పరీక్షే. స్టార్ట్ కాంటాక్టు మాత్రమే పోతే నలుగురు తోస్తే బండి లేస్తుంది. ఆన్ కాంటాక్టు పోతే ఊరంతా కలిసి శ్రీశైలం దాకా తోసినా లేవదు. పాత మోడళ్ల డిక్కీలో ఉండే హ్యాండిల్ తిప్పినా అంతే. నిప్పురవ్వ లేనిదే పెట్రోలు ఇంజిను ఏం చేస్తుంది?

ఇక ఊపుడు పరీక్ష. ఇంజిను నడుస్తుండగా, బండి న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి కీని నెమ్మదిగా పైకీ కిందకీ పక్కకీ కదపాలి. తర్వాత స్విచ్ వెనక వైర్లను ఒక్కొక్కటిగా కదపాలి. కీ కదిపినప్పుడు ఇంజిను తడబడితే స్విచ్ లోపల జబ్బు. వైరు కదిపినప్పుడు తడబడితే స్విచ్ మంచిదే, వైరు చివరి లగ్గు వదులైంది. ఈ రెండో రకం దొంగలే ఎక్కువని గుర్తుంచుకోవాలి. లగ్గు తీసి శుభ్రంగా తుడిచి, నొక్కి బిగిస్తే పని అయిపోతుంది, పైసా ఖర్చు లేదు.

కచ్చితంగా తేల్చాలంటే పన్నెండు ఓల్టుల టెస్ట్ ల్యాంపు చాలు. ఒక కొస బాడీకి, రెండో కొస వరసగా మూడు చోట్ల. మొదట స్విచ్‌కి బ్యాటరీ కరెంటు వచ్చే టెర్మినల్ దగ్గర, అక్కడ ఎప్పుడూ వెలగాలి. తర్వాత కీ ఆన్ చేసి ఇగ్నిషన్ టెర్మినల్ దగ్గర. చివరిగా కాయిల్‌కి కరెంటు వచ్చే వైపు. ఎక్కడ వెలగడం మానేసిందో దానికి ముందే దొంగ ఉన్నాడు.

అయితే దీపం వెలిగినంత మాత్రాన కాంటాక్టు బాగున్నట్టు కాదు. సన్నటి దారంలా ఒక్కచోట ఆనుకున్నా చిన్న దీపం వెలుగుతుంది, కాయిల్‌కి మాత్రం చాలదు. ఇక్కడ మల్టీమీటర్ కావాలి. దాని రెండు ముల్లులనూ స్విచ్ మీదే, బ్యాటరీ టెర్మినల్‌కీ ఇగ్నిషన్ టెర్మినల్‌కీ ఆనించి, కీ ఆన్ చేసి, వైపరు వెయ్యాలి. కరెంటు పారుతున్నప్పుడే లోపం బయటపడుతుంది, అందుకే వైపరు. రెండింటి మధ్య 0.2 ఓల్టుల దాకా తేడా ఉంటే ఫరవాలేదు. అర ఓల్టు దాటిందంటే ఆ కరెంటు అక్కడే వేడిగా ఖర్చయిపోతోంది. కాసేపాగి స్విచ్ వెనక వేలు పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది.

వైర్ల రంగుల విషయంలో ఓ మాట. ఈ కార్లకు మూలమైన బ్రిటిష్ పద్ధతిలో ఎప్పుడూ కరెంటుండే వైరు గోధుమరంగు. కీ ఆన్ చేస్తే కరెంటొచ్చేది తెలుపు. స్టార్టర్‌కి వెళ్లేది తెలుపు మీద ఎరుపు గీత. ఫ్యూజు దాటాక మిగతా పరికరాలకు వెళ్లేది ఆకుపచ్చ. ఎర్త్ నలుపు. వినడానికి ముచ్చటగా ఉంది కానీ నలభై ఏళ్లలో నలుగురు ఎలక్ట్రీషియన్లు చెయ్యి పెట్టిన కారులో ఏ రంగు ఏ ఇంటికి వెళ్తుందో చెప్పలేం. చేతికి దొరికిన వైరుతో పని కానిచ్చేసిన ఘనులెందరో! రంగును కాదు, దీపాన్ని నమ్మాలి. ఇంకో జాగ్రత్త... పాత బ్రిటిష్ తరహా కార్లలో కొన్నింటికి బ్యాటరీ మైనస్ కాకుండా ప్లస్‌ను బాడీకి కలిపేవారు. మీటరు పెట్టేముందు మీ కారు ఏ రకమో చూసుకోవడం మంచిది.


‘డైరెక్ట్’ చేస్తే పోలా?

పోతుంది... కారే పోతుంది!

అడవి మధ్యలో ఆగినప్పుడు బ్యాటరీ నుంచి కాయిల్‌కి నేరుగా ఓ వైరు లాగి ఇంటికి చేరడం వేరు. అది ఆపద్ధర్మం. ఆ వైరుకి మధ్యలో ఓ ఫ్యూజు ఉంటే అది పరీక్ష కూడా. అలా కలపగానే ఇంజిను సాఫీగా నడిస్తే కాయిల్, పాయింట్లు, కార్బురేటర్ అన్నీ నిర్దోషులని తేలిపోతుంది. కానీ చాలామంది ఆ వైరునే శాశ్వతం చేసేస్తారు. డ్యాష్‌బోర్డు కింద ఇంట్లో వాడే లైటు స్విచ్ ఒకటి బిగించి, దాని పక్కన కాలింగ్‌బెల్ బటన్ పెట్టి ‘ఇదే సెల్ఫ్’ అంటారు. ఇంటి స్విచ్చులు ఏసీ కరెంటు కోసం చేసినవి, కారులో పారేది డీసీ. దాన్ని తెంచేటప్పుడు పుట్టే మెరుపు తొందరగా ఆరదు. కాంటాక్టులు త్వరగా కాలిపోతాయి. స్విచ్ ఆపడం మర్చిపోతే, ఇంజిను ఆగి ఉన్నా పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ గంటల తరబడి కాగుతూనే ఉంటుంది. ఫ్యూజు లేని వైరు పక్కనున్న ఇనుపరేకుకు ఒరుసుకుని తోలు ఊడితే, బ్యాటరీలోని బలమంతా ఆ ఒక్క చోట నిప్పవుతుంది. ఆ నిప్పుకు అడుగు దూరంలో పెట్రోలు పైపు.

ఇగ్నిషన్ స్విచ్ నిప్పు పెట్టడం పాత కార్లకే పరిమితం అనుకోవద్దు. స్విచ్ లోపల షార్ట్‌సర్క్యూట్ అయి, ఆపి ఉంచిన కార్లు కూడా అంటుకుంటున్నాయని 1996లో ఫోర్డ్ కంపెనీ ఏకంగా 80 లక్షలకు పైగా వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది.

అంతకన్నా విషాదం జనరల్ మోటార్స్‌ది. ఆ కంపెనీ చిన్నకార్లలో కీని ఆన్ స్థానంలో పట్టి ఉంచే చిన్న ముల్లు, స్ప్రింగు బిగువు చాల్లేదు. మోకాలు తగిలినా, రోడ్డు మీద గతుకు వచ్చినా, కీచైను బరువుకు కీ దానంతటదే వెనక్కి తిరిగిపోయేది. ఇంజిను ఆగేది, పవర్ స్టీరింగ్ పోయేది, గుద్దుకున్నాక ఎయిర్‌బ్యాగులూ తెరుచుకునేవి కావు. 2010లో జార్జియా రాష్ట్రంలో ఓ యువ నర్సు అలాంటి ప్రమాదంలో చనిపోయింది, అదీ తన 29వ పుట్టినరోజున. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. వారి తరఫున పనిచేసిన ఇంజినీరు పాత కారులోని స్విచ్‌నూ, దుకాణంలో కొన్న కొత్త స్విచ్‌నూ పక్కపక్కన పెట్టి విప్పితే, లోపలి ముల్లు పొడవులో మిల్లీమీటరున్నర తేడా కనిపించింది. మీద అచ్చేసిన పార్టు నంబరు మాత్రం రెండింటికీ ఒక్కటే! అంటే లోపం సరిదిద్దారు కానీ నంబరు మార్చలేదు. ఏ కారులో ఏ స్విచ్ ఉందో ఎవరికీ తెలియకుండా పోయింది. 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. పరిహార నిధి లెక్కల్లో తేలిన మరణాలు 124. డాలరు కూడా ఖరీదు చెయ్యని భాగం అది. 2015లో అమెరికా ప్రభుత్వంతో కేసు పరిష్కారానికి కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టింది.

కొత్త స్విచ్‌లు దొరికేవరకూ కీచైనుకున్న మిగతావన్నీ తీసేసి ఒక్క కీతోనే నడపమని కంపెనీ అప్పట్లో యజమానులకు చెప్పింది. మన ఇళ్లలో కారు కీ ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోవాలి. బీరువా తాళం, గేటు తాళం, బోరు షెడ్డు తాళం, ఓ ఇత్తడి దేవుడి బొమ్మ, సీసా మూత తీసే పరికరం... అంబాసిడర్ కీ డ్యాష్‌బోర్డులో వేలాడుతుంది. గతుకు గతుక్కీ ఆ గుత్తి ఊయలూగుతూ తాళం లోపలి ఇత్తడిని అరగదీస్తుంది. అరిగిన తాళంలో కీ ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల పలక మాత్రం సగం జరిగి ఉంటుంది.


మార్చేటప్పుడు...

మొదట బ్యాటరీ ఎర్త్ వైరు తీసెయ్యాలి. ఇది మరచి స్పానర్ పెడితే డ్యాష్‌బోర్డు వెనక దీపావళే. వైర్లు తీసేముందు ఫోనుతో ఓ ఫొటో, ప్రతి వైరుకూ కాగితం చీటీ. స్విచ్‌ను చుట్టూ ఉన్న రింగు తిప్పి బయటికి తీస్తారు. కొన్నింటికి వెనక భాగం విప్పి, కాంటాక్టులను సన్న గరుకు కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు వస్తుంది. కానీ స్ప్రింగు చచ్చినదాన్ని రుద్ది లాభం లేదు.

కొత్త స్విచ్ ‘అంబాసిడర్‌దే’ అని దుకాణదారు చెప్పినా, అమర్చకముందే టెస్ట్ ల్యాంపుతోనో మీటరుతోనో ఏ స్థానంలో ఏ టెర్మినల్ కలుస్తోందో చూసుకోవాలి. పోలికగా చేసినవాటిలో టెర్మినళ్ల వరస ఒకేలా ఉండదు. తప్పుగా కలిపితే కీ ఆన్ చెయ్యగానే సెల్ఫ్ తిరిగి, గేర్లో ఉన్న బండి గోడలోకి దూకగలదు. స్టీరింగ్ లాక్‌తో కలిసి ఉండే రకమైతే లాక్ పూర్తిగా వదులుతోందో లేదో తిప్పి చూడకుండా రోడ్డెక్కకూడదు.

అసలు మందు ఇంకొకటుంది, రిలే. మళ్లీ బోరు స్టార్టరే గుర్తు చేసుకోవాలి. పచ్చబటన్ నొక్కితే మోటారు కరెంటంతా ఆ బటన్‌లోంచి పోదు. బటన్ ఓ అయస్కాంతాన్ని లేపుతుంది, అది పెద్ద కాంటాక్టులను కలుపుతుంది. కారులోనూ అంతే. హారన్‌కీ ఫాగ్ లైట్లకీ వాడే నాలుగు కాళ్ల రిలే తెచ్చి, స్విచ్ నుంచి వచ్చే వైరును దాని 86వ కాలికీ, 85ను ఎర్త్‌కీ కలపాలి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 30కి, అక్కణ్నుంచి 87 ద్వారా కాయిల్‌కీ మిగతావాటికీ కరెంటు ఇవ్వాలి. అప్పుడు స్విచ్ మోసేది ఆంపియరులో ఐదో వంతు కూడా ఉండదు. పాత స్విచ్ కూడా ఇంకో పదేళ్లు వచ్చేస్తుంది. డ్యాష్‌బోర్డు ముఖం మారదు, తాతయ్య వాడిన కీయే వాడుకోవచ్చు. రిలేని బానెట్ కింద ఇంజిను వేడి తగలని మూల బిగించి, ఇంకొకటి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకుంటే దారిలో పోయినా రెండు నిమిషాల పని.

వాలులో దిగుతుండగా ఇంజిను ఆగిపోతే మాత్రం కంగారుపడి కీని పూర్తిగా వెనక్కి తిప్పొద్దు. స్టీరింగ్ లాక్ ఉన్న కారైతే పడిపోతుంది. బ్రేకులు పోవు. బూస్టరున్న బండ్లలో ఒకటి రెండుసార్లు తొక్కాక పెడల్ గట్టిపడుతుంది, అంతే. బలంగా తొక్కితే ఆగుతుంది. ఎడమవైపు చదునైన చోటికి తీసుకెళ్లి, చక్రం కింద రాయి పెట్టి... అప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతోందో లేదో చూడాలి.

ఈసారి శ్రీశైలం బయల్దేరేముందు ఆ ఇత్తడి దేవుణ్ని కీ గుత్తి నుంచి విడదీసి డ్యాష్‌బోర్డు మీద కూర్చోబెట్టేస్తే సరి. బీరువా తాళంతో ఎటూ నల్లమలలో పని లేదు.